క్వార్టర్‌బ్యాక్‌ను మార్చాలా, ఆగాలా? జెయింట్స్, డేనియల్ జోన్స్ విషయంలో తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీ ఎడిసన్‌లో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాం. సెప్టెంబర్ నుంచి జనవరి దాకా ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, బ్రిడ్జ్‌వాటర్ గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ నిలబడినా నన్ను అడిగేవి ఇవే ప్రశ్నలు. మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు న్యూయార్క్ జెయింట్స్ తన క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌ను ఇంకా ముందే వదిలేయాల్సిందా? వదిలేసి తప్పు చేసిందా? కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి నుంచి చెప్పమంటారు. అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమవుతుంది.

## ఆట కొత్తగా చూస్తున్నవాళ్ళకి

క్వార్టర్‌బ్యాక్ అంటే కెప్టెనా? ఒక్కడి గురించి ఇంత గోల ఎందుకు?

కెప్టెన్ కంటే ఎక్కువే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మన జట్టు దగ్గర బంతి ఉన్నప్పుడు దాదాపు ప్రతిసారీ అది ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. ఎదురుగా నూట ముప్పై కిలోల మనుషులు తనను పడగొట్టడానికి దూసుకొస్తుంటే, రెండున్నర మూడు సెకన్లలో బంతి ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. క్రికెట్‌లో ఓపెనర్ డకౌట్ అయినా మిగతావాళ్ళు మ్యాచ్ నిలబెట్టొచ్చు. ఇక్కడ క్వార్టర్‌బ్యాక్‌కి ఆ రోజు కలిసిరాకపోతే మిగతా పదిమంది ఎంత కష్టపడినా బంతి ముందుకు కదలదు. అందుకే చాలా జట్లలో అందరికంటే ఎక్కువ జీతం అతనిదే, ఓడినప్పుడు ఎక్కువ తిట్లూ అతనికే.

బాగా ఆడకపోతే తీసేసి ఇంకొకడిని తెచ్చుకోవచ్చు కదా?

ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ఈ లీగ్‌లో 32 జట్లు. నిలకడగా గెలిపించే క్వార్టర్‌బ్యాక్‌లు, నా లెక్కలో, ఏ ఏడాది చూసినా పది పన్నెండు మందికి మించరు. వాళ్ళున్న జట్లు వాళ్ళని వదలవు. మిగిలిన జట్లు కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్ళను డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్ళను తీసుకునే చోట, ఎంచుకోవాలి, లేదంటే ఇంకో జట్టు వద్దనుకున్నవాడిని తెచ్చుకోవాలి. డ్రాఫ్ట్‌లో ముందటేడు ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి అవకాశం ఇస్తారు. కాబట్టి మధ్యస్తంగా ఆడే జట్టుకే ఎక్కువ కష్టం. మంచి కుర్రాడు దొరికేంతగా ఓడరు, కప్పు గెలిచేంతగా ఆడరు. ఉన్నవాడితోనే ఇంకో ఏడాది చూద్దాం అని చాలా జట్లు అనుకునేది ఇందుకే.

శాలరీ క్యాప్ అంటే ఏంటి? ఓనర్‌కి డబ్బుంటే ఎంతైనా పెట్టుకోవచ్చు కదా?

కుదరదు. ఐపీఎల్ వేలంలో ప్రతి జట్టుకీ ఇంత పర్సు అని ఉంటుంది కదా, అలాంటిదే. 2024లో ఒక్కో జట్టుకు 25.54 కోట్ల డాలర్లు, 2025లో 27.92 కోట్ల డాలర్లు. ఆటగాళ్ళందరి జీతాలూ ఆ లెక్కలో ఇమడాలి. ఒక చిక్కు ఏంటంటే, సంతకం చేసినప్పుడు ఇచ్చిన బోనస్‌ను కాంట్రాక్ట్ ఏళ్ళన్నిటికీ పంచి లెక్కేస్తారు. మధ్యలో ఆటగాడిని వదిలేస్తే, ఇంకా లెక్కలోకి రాని మొత్తం కూడా వచ్చి పడుతుంది. మనిషి ఉండడు, ఖర్చు మాత్రం ఉంటుంది. జోన్స్‌ను వదిలేశాక 2025 లెక్కలో జెయింట్స్ మీద అలా సుమారు 2.2 కోట్ల డాలర్లు పడ్డాయి.

## తొలి సంవత్సరాలు: 2019 నుంచి 2022

అసలు జోన్స్‌ను ఎందుకు తీసుకున్నారు?

2019 నాటికి జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ ఈలై మానింగ్‌కు 38 ఏళ్ళు. వారసుడు కావాలి. అప్పటి జనరల్ మేనేజర్ డేవ్ గెటిల్‌మన్ ఆరో స్థానంలో డ్యూక్ యూనివర్సిటీ కుర్రాడు జోన్స్‌ను ఎంచుకున్నాడు. డ్యూక్‌లో జోన్స్ కోచ్ డేవిడ్ కట్‌క్లిఫ్, కాలేజీ రోజుల్లో ఈలైకి కూడా ఆయనే కోచ్. ఒకే గురువు దగ్గర నేర్చుకున్న ఇద్దరు, ఇద్దరూ నెమ్మదస్తులే. ఆ పోలిక చూసి ఇక్కడ చాలామంది ధైర్యపడ్డారు, ఇంకా చాలామంది ఆరో స్థానం వృథా అయిందని డ్రాఫ్ట్ రోజే మండిపడ్డారు.

మొదట్లో బాగా ఆడాడని అంటారు, నిజమేనా?

నిజమే. 2019 సెప్టెంబర్ 22న టాంపాలో అతనికి స్టార్టర్‌గా, అంటే మొదటి నుంచి మైదానంలో ఉండే క్వార్టర్‌బ్యాక్‌గా, తొలి మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి జట్టు 28-10తో వెనకబడి ఉంది. చివరి రెండు నిమిషాల్లో జోన్స్ తనే బంతి పట్టుకుని ఎండ్ జోన్‌లోకి, అంటే మైదానం చివరి గీత అవతలికి, పరిగెత్తాడు. 32-31తో గెలిచారు. ఆ ఏడాది 24 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే బంతిని ఎండ్ జోన్‌కు చేర్చిన పాస్‌లు, వేశాడు. కానీ 12 ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ప్రత్యర్థికి చిక్కడం), 18 ఫంబుల్స్ (చేతిలోని బంతి జారిపోవడం) కూడా అదే సీజన్‌లో. బంతి చేజారడమనే రోగం మొదటి ఏడాదే బయటపడింది. చిన్నవాడు కదా, సర్దుకుంటాడులే అని అందరం అనుకున్నాం.

ఈలై మానింగ్‌ను పదహారేళ్ళు ఉంచుకున్నారు, జోన్స్ విషయంలో ఆ ఓపిక ఎందుకు లేకపోయింది?

ఓపిక లేదనడం సరికాదు. జోన్స్‌కి ఆరు సీజన్లు ఇచ్చారు. ఈ లీగ్‌లో అది తక్కువేం కాదు.

కానీ ఈలై కథ తెలియకపోతే ఆ ఆరేళ్ళు ఎందుకు ఆగారో అర్థం కాదు. 2004లో ఈలై స్టార్టర్‌గా ఆడిన ఏడు మ్యాచ్‌లలో ఆరు ఓడాడు. 2007లో లీగ్ మ్యాచ్‌ల్లో 20 ఇంటర్‌సెప్షన్లు వేశాడు. ఆ సీజన్ మధ్యలో ఎవరైనా అతన్ని మార్చమంటే కాదనేవాళ్ళు తక్కువే. అదే సీజన్ చివర్లో, 2008 ఫిబ్రవరిలో, అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడని న్యూ ఇంగ్లండ్‌ను 17-14తో ఓడించి లీగ్ ఫైనల్ సూపర్‌బౌల్ తెచ్చాడు. 2012లో మళ్ళీ అదే జట్టు మీద ఇంకోటి. ఓర్చుకుంటే ఫలితం ఉంటుందని ఈ జట్టు తన కళ్ళతో చూసింది.

ఇంకో అనుభవమూ ఉంది. 2017లో వరసగా 210 మ్యాచ్‌లు ఆడిన ఈలైని పక్కన పెట్టి జీనో స్మిత్‌ను దింపారు. అభిమానులు భగ్గుమన్నారు. ఆ ఒక్క మ్యాచ్ అయిన మర్నాడే కోచ్‌నీ జనరల్ మేనేజర్‌నీ పంపేశారు. క్వార్టర్‌బ్యాక్‌ను మార్చాలంటే ఆ ఆఫీసులో చేతులు వణకడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

కోచ్‌లను మార్చి మార్చి కుర్రాడి ఆట పాడుచేశారా?

కొంతవరకు. 2019లో పాట్ షర్మర్, 2020, 2021లో జో జడ్జ్, 2022 నుంచి బ్రయన్ డేబుల్. కోచ్ మారితే ఎత్తుగడల పుస్తకం మారుతుంది, ప్రతి ఎత్తుకీ పేరు మారుతుంది. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీష్ మీడియంకు మారిన పిల్లాడికి లెక్కలు తెలిసినా ప్రశ్న అర్థం చేసుకోవడానికే టైమ్ పడుతుంది కదా, అలాగే. అయితే 2022 నుంచి చివరిదాకా హెడ్ కోచ్ ఒక్కరే, కాబట్టి 2024 ఆటకు ఈ కారణం చెల్లదు.

## డబ్బు సంగతి: 2023

2022లో అంత బాగా ఆడినవాడికి 16 కోట్ల డాలర్లు ఇవ్వడంలో తప్పేముంది?

నా దృష్టిలో మొత్తం కథలో అసలు తప్పు ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వచ్చిన ఆటగాడిని ఐదో ఏడాదికి ముందే ఖాయం చేసిన రేటుకు ఉంచుకునే హక్కు జట్టుకు ఉంటుంది. జోన్స్‌కి ఆ ఐదో ఏడాది అంటే 2023, రేటు సుమారు 2.24 కోట్ల డాలర్లు. 2022 వసంతంలో కొత్త జనరల్ మేనేజర్ జో షేన్ ఆ హక్కు వద్దన్నాడు. అప్పటిదాకా జోన్స్ ఆట చూస్తే అది సబబైన నిర్ణయమే.

తర్వాత 2022 సీజన్ వచ్చింది. జెయింట్స్ 9 గెలిచి, 7 ఓడి, ఒకటి టై చేసుకున్నారు. జోన్స్ 5 ఇంటర్‌సెప్షన్లే వేశాడు, కాళ్ళతో 708 గజాలు సంపాదించాడు. 2023 జనవరిలో ప్లేఆఫ్స్‌లో మిన్నెసోటా వెళ్ళి 301 గజాల పాస్‌లు, 78 గజాల పరుగుతో 31-24తో గెలిపించాడు. ఆ రాత్రి మా వీధిలో కారు హారన్లు మోగాయి. నేనూ ఇతనే మనవాడు అనుకున్నాను.

మర్చిపోయినవి రెండున్నాయి. ఆ ఏడాది మిన్నెసోటా డిఫెన్స్ లీగ్‌లో అట్టడుగున ఉన్నవాటిలో ఒకటి. తర్వాతి వారమే ఫిలడెల్ఫియా చేతిలో 38-7తో చిత్తయ్యారు. రెండోది, సీజన్ మొత్తంలో జోన్స్ టచ్‌డౌన్ పాస్‌లు 15 మాత్రమే. పొరపాట్లు చేయని క్వార్టర్‌బ్యాక్ వేరు, మ్యాచ్‌ను తన చేతుల్లోకి తీసుకునే క్వార్టర్‌బ్యాక్ వేరు. జోన్స్ ఆ ఏడాది మొదటి రకం.

2.24 కోట్లకు వద్దనుకున్నవాడికి ఏడాది తిరక్కుండానే, 2023 మార్చి 7న, నాలుగేళ్ళకు 16 కోట్ల డాలర్లు రాసిచ్చారు. ఏడాదికి 4 కోట్లు. ఒక్క పంట బాగా పండిందని ఊళ్ళో పొలమంతా కౌలుకు తీసుకున్నట్టయింది.

ఇంకో దారి ఏముంది మరి? ఇవ్వకపోతే వెళ్ళిపోయేవాడు కదా?

ఫ్రాంచైజ్ ట్యాగ్ ఉంది. అంటే లీగ్ ఖాయం చేసిన రేటుకు ఒక్క ఏడాది ఆటగాడిని కట్టి ఉంచుకోవడం. 2023లో క్వార్టర్‌బ్యాక్‌కి అది 3.24 కోట్ల డాలర్లు. ఆ ఏడాది పర్సు మీద బరువు ఎక్కువే పడేది, కానీ ఏడాది తర్వాత ఏ బాధ్యతా ఉండేది కాదు. ఒక జట్టుకు ఏడాదికి ఒక్క ట్యాగే. దాన్ని రన్నింగ్‌బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) సాక్వాన్ బార్క్‌లీ కోసం అట్టేపెట్టుకోవాలని, గడువు ముగిసే ముందు నిమిషాల్లో హడావుడిగా జోన్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఆ హడావుడి ఖరీదైంది.

జోన్స్ కోసం బార్క్‌లీని పోగొట్టుకున్నారా?

నేరుగా అలా అనలేం, డబ్బు లెక్కలో చూస్తే మాత్రం అంతే. బార్క్‌లీ 2023లో ఇంకొక్క ఏడాది ఆడి, 2024 మార్చిలో ఫిలడెల్ఫియాకు వెళ్ళిపోయాడు. మనకు బద్ధ శత్రువులు వాళ్ళు. అక్కడ మొదటి సీజన్‌లోనే 2,005 గజాలు పరిగెత్తి, 2025 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ గెలిచాడు. 2024 అక్టోబర్ 20న మన సొంత మెట్‌లైఫ్ స్టేడియానికి వచ్చి 176 గజాలు పరిగెత్తి వెళ్ళాడు, జెయింట్స్ 28-3తో ఓడారు. ఇక్కడి అభిమానిని ఏ ఓటమి ఎక్కువ బాధపెట్టిందని అడిగితే చాలామంది ఆ రోజే చెబుతారు.

ముందున్న లైన్ అంత బలహీనంగా ఉంటే ఏ క్వార్టర్‌బ్యాక్ ఆడగలడు?

ఈ వాదనలో చాలా బలం ఉంది. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడేది ముందు నిలబడే ఐదుగురు. వాళ్ళను దాటి వచ్చి, బంతి విసిరేలోపే అతన్ని పడగొడితే దాన్ని సాక్ అంటారు. 2023లో జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్‌లు మొత్తం 85 సార్లు సాక్ అయ్యారు. లీగ్ చరిత్రలో అంతకంటే ఎక్కువ ఒక్కసారే, 1986లో ఫిలడెల్ఫియా 104. సీజన్ తొలి మ్యాచే డాలస్ చేతిలో సొంతగడ్డ మీద 40-0, అందులో జోన్స్ ఏడుసార్లు పడ్డాడు. లైన్‌లో అందరికంటే గట్టివాడైన ఆండ్రూ థామస్‌కు ఆ మ్యాచ్‌లోనే గాయం. మయామిలో జోన్స్ మెడ దెబ్బతింది. నవంబర్ 5న లాస్ వేగస్‌లో మోకాలి లిగమెంట్ తెగింది.

అలా పడీ పడీ ఉన్నవాడికి బంతి పట్టుకుని స్థిమితంగా నిలబడే అలవాటు పోతుంది. 2024లో లైన్ కొంత మెరుగుపడ్డాక కూడా జోన్స్ చూపు దూరంగా పరిగెత్తేవాళ్ళ మీదికి వెళ్ళేది కాదు. పక్కనున్నవాడికి చిన్న పాస్ వేసి ఊపిరి పీల్చుకునేవాడు. టీవీలో కంటే స్టేడియంలో పైవరసలో కూర్చుంటే అది బాగా కనపడేది, అవతల మనవాడు ఒంటరిగా చెయ్యెత్తి పరిగెడుతుండేవాడు.

## తెగిన తాడు: 2024

2024 డ్రాఫ్ట్‌లోనే కొత్తవాడిని తీసుకోవాల్సింది కదా?

ప్రయత్నించారు. మూడో స్థానం న్యూ ఇంగ్లండ్ దగ్గర ఉంటే, క్వార్టర్‌బ్యాక్ డ్రేక్ మే కోసం దాన్ని కొనాలని చూశారు, వాళ్ళు ఇవ్వలేదు. ఆరో స్థానంలో క్వార్టర్‌బ్యాక్‌ను కాకుండా రిసీవర్ (పాస్‌లు అందుకునేవాడు) మలిక్ నేబర్స్‌ను తీసుకున్నారు. నేబర్స్ తొలి ఏడాదే 109 పాస్‌లు పట్టాడు, ఆ ఎంపికను తప్పుపట్టలేను. కానీ అదే డ్రాఫ్ట్‌లో పన్నెండో స్థానంలో డెన్వర్ తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ ఆ ఏడాదే తన జట్టును ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్ళాడు.

నాకు మింగుడుపడనిది వేరే. ఇంకొకడి కోసం బేరాలు జరిగాయని అందరికీ తెలిసిపోయాక, అదే జోన్స్‌ను మళ్ళీ స్టార్టర్‌గా నిలబెట్టారు. పెళ్ళి చూపులకు వెళ్ళొచ్చి, సంబంధం కుదరలేదని ఇంటావిడతో మామూలుగా ఉండమంటే ఎలా?

సొంత స్టేడియంలోనే బూ అనడం న్యాయమా?

2024 సెప్టెంబర్ 8, తొలి మ్యాచ్, మిన్నెసోటాతో. ఎడిసన్‌లో రైలెక్కి, సెకాకస్‌లో మెడోలాండ్స్ రైలు మారి, మా అబ్బాయితో కలిసి వెళ్ళాను. వాడు ఎనిమిదో నంబర్ జెర్సీ వేసుకున్నాడు, అది జోన్స్‌ది. మూడో క్వార్టర్‌లో జోన్స్ తన ఎండ్ జోన్‌కు దగ్గర్లోనే ఒక చిన్న పాస్ వేశాడు. ఎదురుగా ఉన్న ఆండ్రూ వాన్ గింకెల్ కదలకుండా నిలబడి బంతిని అందుకుని, నాలుగడుగుల్లో టచ్‌డౌన్ చేసేశాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత మా వెనక వరస నుంచి మొదలై స్టేడియం అంతా బూ అని ఒకటే హోరు. మా వాడు జెర్సీ మీద జాకెట్ వేసుకున్నాడు. ఎండ బాగా ఉంది, చలేం లేదు. మ్యాచ్ 28-6తో పోయింది.

ఏడాదిన్నర వెనక్కి వెళ్తే, 2023 జనవరి 1న ఇదే స్టేడియంలో ప్లేఆఫ్స్ ఖాయమైన రోజున జోన్స్ పేరు పెట్టి జనం కేరింతలు కొట్టారు. ఆ రోజు తర్వాత సొంత మైదానంలో అతని చేతి నుంచి ఇంకో టచ్‌డౌన్ పాస్ చూడటానికి 2024 నవంబర్ 3 దాకా ఆగాల్సొచ్చింది. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ బూ కొడితే బాగా ఆడినవాడిని నేనింతవరకు చూడలేదు.

మ్యూనిక్ మ్యాచ్ తర్వాతే ఎందుకు తీసేశారు?

2024 నవంబర్ 10న జర్మనీలో కరోలినాతో మ్యాచ్. ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నర, ఉప్మా ప్లేట్లతో టీవీ ముందు కూర్చున్నాం. కరోలినా కూడా అప్పటికి లీగ్‌లో వెనకబడిన జట్టే. జోన్స్ రెండు ఇంటర్‌సెప్షన్లు వేశాడు. అయినా ఓవర్‌టైమ్ దాకా వచ్చింది, అక్కడ ఇంకో ఆటగాడు బంతి జారవిడిచాడు, 20-17తో ఓడారు. అప్పటికి 2 గెలుపులు, 8 ఓటములు. తర్వాతి వారం సెలవు. నవంబర్ 18న జోన్స్‌ను బెంచ్ చేస్తున్నామని, అంటే పక్కన కూర్చోబెడుతున్నామని ప్రకటించారు.

గాయం గ్యారంటీ గ్యారంటీ అంటున్నారు, అదేంటి?

కాంట్రాక్ట్‌లో ఒక షరతు. జోన్స్ పెద్ద గాయంతో తర్వాతి వసంతానికి కోలుకోకపోతే 2025కి 2.3 కోట్ల డాలర్లు ఇచ్చి తీరాలి. గాయం లేకుండా పంపేస్తే అది ఇవ్వక్కర్లేదు. కాబట్టి ఇక వద్దనుకున్న రోజు నుంచి అతన్ని మైదానంలోకి దింపడమే జట్టుకు ప్రమాదం. ఆట బాగోలేకపోవడమూ నిజమే, ఈ లెక్కా నిజమే. తేడా ఏంటంటే, ఆట కోసమే తీసేస్తే రెండో స్థానంలో ఉంచుతారు. జోన్స్‌ను నాలుగో స్థానానికి తోశారు. దీన్ని మన భాషలో పొమ్మనలేక పొగబెట్టడం అంటారు.

అతను గొడవ చేయలేదు. కాగితం మీద రాసుకొచ్చిన నాలుగు మాటలు విలేకరుల ముందు చదివి, అందరికీ థాంక్స్ చెప్పి, తనను వదిలేయమని అడిగాడు. నవంబర్ 22న వదిలేశారు. స్టార్టర్‌గా లీగ్ మ్యాచ్‌ల్లో 24 గెలుపులు, 44 ఓటములు, ఒక టై.

జోన్స్ తర్వాత రెండో క్వార్టర్‌బ్యాక్ డ్రూ లాక్ ఉండగా టామీ డెవిటోని ఎందుకు దింపారు?

డెవిటో న్యూజెర్సీ కుర్రాడు, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనివాడు. 2023లో జోన్స్ గాయపడినప్పుడు వచ్చి వరసగా మూడు మ్యాచ్‌లు గెలిపించాడు. అప్పటికి అమ్మానాన్నల ఇంట్లోనే ఉండేవాడు, అందుకే ఇక్కడి జనానికి అంత ఇష్టం. ఆ ఉత్సాహం మళ్ళీ వస్తుందనుకున్నారు. తొలి మ్యాచే టాంపా చేతిలో 30-7. చేతిలో సరైన ఇంకొకడు లేకుండా మార్చితే ఇదే జరుగుతుంది.

ఎలాగూ ఓడుతున్నారు, పూర్తిగా ఓడితే డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం వస్తుందిగా?

వచ్చేదే. డిసెంబర్‌లో వరసగా పది మ్యాచ్‌లు ఓడిన స్థితిలో ఉన్నారు, ఓనర్‌ను ఏదో ఒకటి చేయమని అడిగే బ్యానర్లతో స్టేడియం మీద విమానాలు తిరిగాయి. డిసెంబర్ 29న ఇండియానాపోలిస్‌పై 45-33తో గెలిచారు. ఆ సీజన్‌లో సొంతగడ్డ మీద గెలిచిన ఒకే ఒక్క మ్యాచ్ అది. దాంతో మొదటి స్థానం చేజారి మూడోది వచ్చింది. టెనెసీ మొదటి స్థానంలో క్వార్టర్‌బ్యాక్ కామ్ వార్డ్‌ను తీసుకుంది.

అయినా ఆ గెలుపును నేను తప్పనను. మైదానంలో ఉన్న ఆటగాడికి వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. వాడిని ఓడమని అడగడం తప్పు.

## వదిలేశాక

జోన్స్ ఇండియానాపోలిస్‌లో అంత బాగా ఎలా ఆడాడు? అంటే తప్పంతా జెయింట్స్‌దేనా?

2025లో ఇండియానాపోలిస్ కోల్ట్స్ అతన్ని ఒక్క ఏడాదికి 1.4 కోట్ల డాలర్లకు తీసుకున్నారు. మొదటి రెండు మ్యాచ్‌ల్లో జట్టు ఒక్కసారి కూడా పంట్ చేయలేదు. అంటే ముందుకు కదల్లేక బంతిని తన్ని ప్రత్యర్థికి అప్పజెప్పే అవసరమే రాలేదు. పది మ్యాచ్‌ల్లో ఎనిమిది గెలిచారు. అక్కడ లైన్ గట్టిది, పక్కన జొనాథన్ టేలర్ లాంటి రన్నింగ్‌బ్యాక్, క్వార్టర్‌బ్యాక్‌లతో పనిచేయడం బాగా తెలిసిన కోచ్ షేన్ స్టైకెన్. ఏడాదికే ఒప్పందం కాబట్టి జీతం మీద చర్చ కూడా లేదు.

డిసెంబర్ 7న జాక్సన్‌విల్‌లో మడమ వెనక ఉండే అఖిలీస్ టెండన్ తెగింది. 8-2తో మొదలైన జట్టు 8-9తో ముగించింది. అతను లేకపోతే ఎంత తేడా వచ్చిందో ఆ అంకెల్లోనే ఉంది. అయితే గాయానికి ముందే ఓటములు మొదలయ్యాయి, అది కూడా చెప్పాలి.

కాబట్టి తప్పంతా ఒకరిది కాదు. న్యూయార్క్‌లో ఆ రూపం వచ్చేది కాదని నా నమ్మకం. అదే మొక్క, వేరే నేల.

వదిలేసినవాళ్ళంతా వేరేచోట మెరుస్తారా?

లేదు. మనకు మెరిసినవాళ్ళే గుర్తుంటారు. 2018 డ్రాఫ్ట్‌నే చూడండి. మొదటి స్థానంలో వచ్చిన బేకర్ మేఫీల్డ్‌ను క్లీవ్‌లాండ్ వదిలేసింది, టాంపాలో నిలదొక్కుకున్నాడు. మూడో స్థానంలో వచ్చిన సామ్ డార్నల్డ్‌ను జెట్స్ వదిలేసింది, 2024లో మిన్నెసోటాను 14 మ్యాచ్‌లు గెలిపించాడు. పదో స్థానంలో వచ్చిన జాష్ రోజెన్‌ను అరిజోనా ఏడాదికే వదిలేసింది, అతను ఎక్కడా నిలబడలేదు. మేఫీల్డ్ స్థానంలో క్లీవ్‌లాండ్ డెషాన్ వాట్సన్ కోసం మూడు మొదటి రౌండ్ అవకాశాలు, పూర్తి గ్యారంటీతో 23 కోట్ల డాలర్లు పెట్టి చేతులు కాల్చుకుంది. ఎవరిని వదిలారన్నది ఎంత ముఖ్యమో, ఎవరిని తెచ్చారన్నదీ అంతే ముఖ్యం.

కొత్త క్వార్టర్‌బ్యాక్ జాక్సన్ డార్ట్ వచ్చాక జెయింట్స్ సమస్య తీరిందా?

సగం. 2025లో ముందు రసెల్ విల్సన్‌తో మొదలుపెట్టి మూడూ ఓడారు. నాలుగో వారం డార్ట్ దిగి చార్జర్స్‌పై 21-18తో గెలిపించాడు, తర్వాత ఫిలడెల్ఫియాను 34-17తో ఓడించాడు. స్టేడియంలో ఎన్నాళ్ళకో నవ్వులు చూశాను. కానీ చార్జర్స్ మ్యాచ్‌లోనే నేబర్స్ మోకాలు పోయింది. డెన్వర్‌లో చివరి క్వార్టర్‌లో 33 పాయింట్లు ఇచ్చి 33-32తో ఓడారు. నవంబర్‌లో షికాగోలో డార్ట్ తలకు దెబ్బ తగిలింది, మర్నాడే డేబుల్‌ను తీసేశారు. సీజన్‌లో 4 గెలుపులు, 13 ఓటములు. కుర్రాడిలో సరుకుంది. అతన్ని కూడా సీజన్‌కు ఇన్నిసార్లు కింద పడనిస్తే ఆరేళ్ళ తర్వాత ఎవరో నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతారని భయంగా ఉంది.

అన్నీ పక్కన పెట్టి చెప్పండి, జోన్స్‌ను మార్చాల్సిందా, వద్దా?

మార్చాల్సిందే. 2024 నవంబర్ నాటికి ఇద్దరికీ వేరే దారి లేదు. అయితే 2023 మార్చిలో ఒక్క ఏడాదికి కట్టేసి చూడాల్సింది, 2024 వసంతంలో అతన్ని కొనసాగించాలంటే మనస్ఫూర్తిగా కొనసాగించాల్సింది. ఈ రెండూ చేయకుండా పదో మ్యాచ్ దాకా లాగి, చేతిలో ఎవరూ లేకుండా, గాయం లెక్క చూసుకుని పంపడం నాకు నచ్చలేదు.

ఎనిమిదో నంబర్ జెర్సీ ఇంకా ఇంట్లో ఉంది, వేసుకోవచ్చా?

వేసుకోండి. మా వాడిది ఏడాదిపాటు అల్మరాలో కింద అరలో ఉంది. 2025 సెప్టెంబర్‌లో కోల్ట్స్ తొలి మ్యాచ్ టీవీలో వస్తుంటే లోపలికి వెళ్ళి అది తొడుక్కొచ్చి కూర్చున్నాడు. భుజాల దగ్గర బిగుతైంది. అక్కడ జోన్స్ నంబర్ 17 అని చెబితే, తెలుసు నాన్నా అన్నాడు.